ఎడం పురి ఓడ

ముసలివాళ్లుండే ఆ కేర్ హోమ్‌లో కేరర్‌గా పనికి చేరిన మూడో రోజునే ఒక పెద్దమనిషి గుండె ఆగిపోయేంత పని చేశాను. తప్పు నాది కాదు, ఇంగ్లిషుది.

ఆయనది పదకొండో నంబరు గది. ఎనభై తొమ్మిదేళ్లు. ఒకప్పుడు బళ్లో చరిత్ర చెప్పిన మాస్టారు. పొద్దున్నే నేను టీ పట్టుకెళ్తే గోడవైపు చెయ్యి చూపించి, "ఇవాళ నా వెస్సెల్స్ కాస్త శుభ్రం చేస్తారా? చాలా జాగ్రత్తగా," అన్నాడు. మనకి వెస్సెల్స్ అంటే ఏమిటి? గిన్నెలు. కాకినాడలో నేను నర్సింగ్ చదివిన హాస్టల్లో వెస్సెల్స్ కడగడమంటే అంట్లు తోమడమే. చూస్తే గోడవారగా బల్ల మీద రెండు కప్పులు, ఒక సాసరు, కట్టుడుపళ్లు పెట్టుకునే గిన్నె ఉన్నాయి. అన్నీ పట్టుకెళ్లి తళతళలాడేలా తోమాను. తర్వాత డైనింగ్ రూములో ఆయన గుడ్డు తింటూ ఉంటే దగ్గరికెళ్లి, మెచ్చుకుంటాడన్న ఆశతో, "మీ వెస్సెల్స్ అన్నీ కడిగేశాను సార్. వేణ్నీళ్లలో సబ్బేసి స్క్రబ్బరుతో గట్టిగా రుద్దాను. రెండింటికి మరకలు పోలేదు, రేపు బ్లీచ్‌లో నానబెడతాను," అన్నాను.

ఆయన చేతిలో చెంచా కింద పడింది. ఆయన దుమ్ము దులపమన్నది గోడ మీదున్న ఓడల బొమ్మల్ని. ఓడని కూడా వెస్సెల్ అంటారని ఎప్పుడో చదివే ఉంటాను, కానీ ఎదురుగా టీ కప్పు కనిపిస్తుంటే ఓడ ఎందుకు గుర్తొస్తుంది? గోడ మీద పద్నాలుగు బొమ్మలు, అందులో ఆరు నీటిరంగులతో వేసినవి. వాటిని నేను సబ్బునీళ్లతో రుద్దేశాననుకుని ఆయన మెడలో ఉన్న బజర్ పట్టుకుని నొక్కడం మొదలుపెట్టాడు. నర్సు బీపీ మిషనుతో పరిగెత్తుకొచ్చింది.

ఆ నర్సు మా అక్క. సొంతక్క కాదు. లండన్ ఈస్ట్ హామ్‌లో నాతో కలిసి ఫ్లాట్‌లో ఉండే గుంటూరు మనిషి, ఒకే చర్చి, ఆ ఉద్యోగం నాకు చూపించింది కూడా తనే. నన్ను పక్కకి లాగి, "ఏం చేశావే తల్లీ? మూడు రోజులకే ఒకర్ని పంపించేస్తావా ఏంది?" అంది. సంగతి చెప్పాక ఇద్దరం స్టోర్ రూములోకి దూరి, డైపర్ల పెట్టెల మధ్య కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. అప్పుడే ఆయనకి సరంగు అని పేరు పెట్టాం. మా వైపు పడవ నడిపించే పెద్దని సరంగు అంటారు. ఈ సరంగు మాత్రం జన్మలో ఓడెక్కలేదట. ఎందుకో అడిగితే మాట మార్చేసేవాడు.

పెళ్లి చేసుకోలేదు. తాడూ బొంగరం లేని మనిషి. ఎడ్డెమంటే తెడ్డెం అనే రకం. టీ వేడిగా ఇస్తే నాలుక కాలిందనేవాడు, చల్లార్చి ఇస్తే అంట్లు కడిగిన నీళ్లనేవాడు. ఆ వెస్సెల్స్ గొడవ తర్వాత నా ఇంగ్లిషు బాగుచెయ్యడం తన బాధ్యత అనుకున్నాడు. ఇంగ్లిషులో 'వ'లు రెండున్నాయి, నాకు ఒకటే ఉంది. "పై పళ్లు కింది పెదవికి ఆనించి, వె... వెస్సెల్," అని పది సార్లు పలికించేవాడు. తమాషా ఏమిటంటే ఆ పాఠం చెప్పేటప్పుడు ఆయన పై పళ్లు గిన్నెలో ఉండేవి. నాకు నేర్పబోయి తనే ఉఫ్ ఉఫ్ అని ఊదేవాడు. నేను మొహం గంభీరంగా పెట్టుకుని, "మళ్లీ ఒకసారి చూపించండి సార్," అనేదాన్ని.

ఇక ఆ బొమ్మల సంగతి. అన్నీ ఒకే చిత్రకారుడివి. తెరచాపల కాలం మనిషి, మా హోమ్ ఉన్న ఊళ్లోనే, థేమ్స్ నది సముద్రంలో కలిసే ఆ బురద రేవులోనే పుట్టాడు. కుర్రతనంలో ఓడలకి తాళ్లు బిగించే పని చేసి, తర్వాత కుంచె పట్టాడు. అతని బొమ్మల్లో ముప్పాతిక వంతు ఆకాశమే ఉంటుంది. కింద నీళ్లు నీలంగా ఉండవు, మా గోదావరి వరదనీళ్ల రంగులో ఉంటాయి. అందుకే మొదటిసారి చూసినప్పుడే నాకు ఆ చిత్రకారుడి మీద నమ్మకం కుదిరింది. తెరచాపలు చిరుగులకి మాసికలు వేసి ఉంటాయి. ఏ ఓడలో చూసినా ఎవడో ఒకడు పని ఎగ్గొట్టి మూల కూర్చుని ఉంటాడు. చేసే పని చేతులతో చేసి చూసినవాడు తప్ప అలా వెయ్యలేడు.

పద్నాలుగింటిలో పెద్దది మంచం తలవైపు ఉండేది. అది అసలు బొమ్మ కాదు, ప్రింటు. రేవులోంచి ఒక ఓడ బయల్దేరబోతూ ఉంటుంది. బొమ్మ ముందు భాగంలో, రేవు చెక్క వంతెన మీద, మనిషి తొడంత లావు మోకు చుట్ట పడి ఉంటుంది. వెనకాల ఊరి చర్చి గోపురం, నీళ్ల మీద సూర్యుడు. సంతకం ఉండాల్సిన మూలని ఎవరో ఫ్రేము కోసం ఎప్పుడో కత్తిరించేశారు. అసలు బొమ్మ స్కాట్లాండులో ఎవరిదో పెద్దింట్లో ఉందట. సరంగు జీవితంలో దాన్ని కళ్లతో చూడలేదు. అయినా దాని మీద చిన్న పుస్తకం రాశాడు, యాభై ఏళ్లుగా ఉపన్యాసాలు ఇస్తున్నాడు.

మా హోమ్‌లో ఆ ఉపన్యాసం గురువారం మధ్యాహ్నం ఉండేది. ఆయన్ని వీల్‌చైర్‌లో లౌంజ్‌లోకి తోసుకెళ్లి, ప్రింటుని కుర్చీ మీద నిలబెట్టి, పడిపోకుండా పట్టుకోవడం నా డ్యూటీ. రోటాలో ఎలా రాసినా గురువారం నాకే పడేది. వినేవాళ్లు పన్నెండు మంది, వాళ్లలో మేలుకుని ఉండేది ముగ్గురు. నేను ముప్పై సార్లు విన్నాను. ఇంట్లో అక్క కూర తరుగుతుంటే సోఫాలో వీల్‌చైర్ భంగిమలో కూర్చుని మొత్తం అప్పజెప్పేదాన్ని.

"గమనించండి! ఈ బొమ్మలో చర్చి ఎడమ పక్కన ఉంది. నిజానికి ఆ రేవులో నిలబడితే కుడి పక్కన ఉంటుంది. పొద్దుటి సూర్యుడు సాయంత్రం ఉండాల్సిన చోట ఉన్నాడు. ఊరి మనిషి, ఓడల మనిషి, ఇంత తప్పు చేస్తాడా? చెయ్యడు. కావాలని చేశాడు. ఎందుకంటే ఈ ఓడ ఎక్కి వెళ్లిన అతని అన్న తిరిగి రాలేదు. దుఃఖం లోకాన్ని తిరగేస్తుంది. అతను దాన్ని అలాగే గీశాడు."

ఆ చివరి మాటల దగ్గర ఆయన గొంతు ఎప్పుడూ కాస్త వణికేది. నేను ఆ వణుకుని కూడా అనుకరించేదాన్ని. అక్క పడీ పడీ నవ్వేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు మాత్రం బాగా చేశాననే అనుకున్నాను.

ఏడాది గడిచాక గానీ ఆయన నన్ను ఆ పెద్ద బొమ్మ అద్దం తుడవనివ్వలేదు. తుడవనిచ్చిన రోజున స్టూలెక్కి, మొహం అద్దానికి ఆనించినంత దగ్గరగా పెట్టి తుడుస్తున్నాను. ఎదురుగా ఆ మోకు. తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

మాది తాళ్లరేవు. మా ఊరి పేరులో తాళ్లంటే తాటిచెట్లని బళ్లో పంతులుగారు చెప్పేవారు. మా నాన్న ఒప్పుకునేవాడు కాదు. "తాళ్లంటే తాళ్లే. మోకులు. పంతులు ఎప్పుడైనా ఒకటి పేనాడా, ఆయనకేం తెలుసు?" అనేవాడు. నాన్న పడవలకి మోకులు పేనేవాడు. కొబ్బరిపీచు నానబెట్టి, కొట్టి, పోగులు తీసేది అమ్మ. పోగుల్ని పేటలు చేసి, మూడు పేటల్ని కలిపి మోకు పేనేది నాన్న. ఆయన చెయ్యి ఖాళీ లేనప్పుడు అమ్మ కూడా పేనేది. తాడు మెలి తిరిగే తీరుని పురి అంటారు. తాడుని నిలువుగా పట్టుకుంటే పేటలు ఎడమ నుంచి కుడికి పైకెక్కాలి. అది కుడి పురి. మా ఊళ్లో అయినా, లండన్‌లో అయినా, ఓడ మీద వాడే మామూలు తాడు అదే. మా నాన్న నిద్రలో లేపి పేనమన్నా కుడి పురే పేనేవాడు. ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. నా పాస్‌పోర్టు వీసా రెన్యూవల్‌కి వెళ్లి ఉండటంతో నేను వెళ్లలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు.

ప్రింటులో మోకు ఎడం పురి. ఆ ఒక్కటే కాదు, ఓడ మీద చిన్నదీ పెద్దదీ ఏ తాడు చూసినా ఎడం పురే. చర్చిని ఎడమకి జరపొచ్చు, సూర్యుణ్ణి తిప్పొచ్చు. కానీ తాళ్లు బిగించి బతికినవాడు కూర్చుని ప్రతి తాడుకీ పురి మార్చి గీస్తాడా? నాకు నవ్వాగలేదు. ఈ బొమ్మని అచ్చువేసినవాళ్లు ఫిల్ము తిరగేసి పెట్టారు, అంతే. యాభై ఏళ్లుగా మా సరంగు ప్రెస్సువాడి పొరపాటుకి కన్నీళ్లు కారుస్తున్నాడు!

ఇంటికెళ్లి అక్కకి చెప్పాను. అక్క ఎగిరి గంతేసింది. ఎందుకంటే ఆ వారమే హోమ్‌కి ఉత్తరం వచ్చింది. ఊళ్లో చిన్న గ్యాలరీ వాళ్లు ఆ అసలు బొమ్మని అరువు తెచ్చి చూపిస్తున్నారు, మొదటి రోజున దాని ముందు మాట్లాడటానికి మా సరంగుని పిలిచారు. "చెప్పకే! ఒక్క ముక్క కూడా చెప్పబాక," అంది అక్క. "ఆయన అటు తిరిగి చర్చి ఎడమ పక్కన ఉంది అంటాడు, అది కుడి పక్కన ఉంటది. ఆ మొహం చూసి తీరాల్సిందే. నా ఆఫ్ డే మార్పించుకుంటా." నేను కూడా మార్పించుకున్నాను. అంట్లు కడిగిన నీళ్లని నా టీని తిట్టిన మనిషి మరి.

కానీ ఆ మూడు వారాలు ఆయన చేసిన హడావుడి చూస్తుంటే నా సరదా తగ్గుతూ వచ్చింది. ఎప్పుడో కుట్టించిన నీలం సూటు బయటికి తీయించాడు. అది ఒంటికి వదులైతే నన్ను సూదీ దారం తెమ్మన్నాడు. బార్బరు వచ్చిన రోజున మిగతావాళ్లకంటే ముందు వెళ్లి వరసలో కూర్చున్నాడు. టీ గురించి తిట్టడం మానేశాడు. ఒకరోజు సాక్స్ తొడుగుతుంటే, "డెబ్బై ఏళ్లు ఎదురు చూశాను. దాని ముందు నిలబడకుండానే పోతాననుకున్నాను," అన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే, అప్పుడు నేను పిల్లిని.

ఇంకా నాలుగు రోజులుందనగా చెప్పేశాను. మెల్లగా చెప్పాలని ఎన్ని అనుకున్నా, నా నోటికి మెల్లగా అనేది చేతకాదు. "సార్, మీ బొమ్మ తిరగబడి అచ్చయింది," అన్నాను.

ఆయన అర్థం కానట్టు చూశాడు. తాళ్ల గురించి చెప్పాను. పురి గురించి చెప్పాను. ఆయన మొహం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. "మీరు నాకు పాఠం చెప్తున్నారా? ఓడకీ గిన్నెకీ తేడా తెలియని మీరు?" అన్నాడు. బజర్ నొక్కాడు. మేనేజరు వస్తే, నేను ఆయన్ని మానసికంగా హింసిస్తున్నానని కంప్లెయింట్ ఇచ్చాడు. నోరా వీపుకి తేకే అని ఊరికే అనలేదు. మేనేజరమ్మ ఆఫీసులో కూర్చోబెట్టి ఫారం నింపింది. "ఏం హింస పెట్టావు?" అంది. "తాడు తప్పుగా తిరిగిందన్నాను మేడమ్," అన్నాను. ఆవిడ పెన్ను ఆగిపోయింది. ఏం రాయాలో తెలియక ఆ గడి ఖాళీగా వదిలేసింది.

మర్నాడు పొద్దున టీ పట్టుకెళ్తే ఆయన పక్కమీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. "నిరూపించండి," అన్నాడు.

సరే, తాడో పేడో తేలిపోవాలి. తోటపని గదిలోంచి జనపదారం ఉండ తెచ్చాను. మూడు పేటలకి సరిపడా తీసి, చివర్లు కలిపి ముడేసి ఆయన చేతికిచ్చాను. "గట్టిగా పట్టుకోండి సార్. వదిలితే మళ్లీ మొదటికి." ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను గది ఆ చివరికి వెళ్లి, ఒక్కో పేటనీ విడిగా మెలితిప్పి, మూడింటినీ కలిపి ఎదురు తిప్పాను. పదిహేనేళ్లయింది ఆ పని చేసి. అయినా చేతులు మర్చిపోలేదు. తాడు గదికి అడ్డంగా బిగుసుకుంటూ వెళ్లి ఆయన వేళ్లని లాగింది. ఆయన ఉలిక్కిపడి, "ఇది బతికి ఉందే!" అన్నాడు. మా నాన్న దగ్గర మొదటిసారి చివర పట్టుకున్నప్పుడు నేను కూడా అదే అన్నాను.

"దీన్నే పురి అంటారు," అన్నాను.

"పూరీ."

"పూరీ కాదు సార్. పూరీ తినేది. ఇది పురి. పొట్టి ఉ. పలకండి."

"పూరీ."

"పది సార్లు పలకండి." ఏడాది అప్పు తీర్చుకున్నాను. ఆయన బుద్ధిగా పలికాడు. ఒక్కసారి కూడా సరిగ్గా రాలేదు.

తర్వాత ఆ తాడు పట్టుకుని, కుర్చీలో కూర్చోబెట్టి ప్రింటు దగ్గరికి తోసుకెళ్లమన్నాడు. భూతద్దం పెట్టి చూశాడు. చేతిలో తాడు, బొమ్మలో మోకు. చేతిలో తాడు, బొమ్మలో మోకు. తర్వాత గడ్డం గీసుకునే అద్దం అడిగాడు. బొమ్మకి వీపు పెట్టి, అద్దంలోంచి చూశాడు. అద్దంలో చర్చి కుడి పక్కకి వచ్చింది, సూర్యుడు తన చోటికి వెళ్లాడు, మోకు కుడి పురి తిరిగింది. చాలాసేపు అద్దం దించలేదు.

"అయితే అతను దుఃఖపడలేదన్నమాట," అన్నాడు. "మామూలు పొద్దున. మామూలు ఓడ. అంతే."

అప్పుడు ఆయన చూపు బల్ల మీదున్న ఫోటో వైపు వెళ్లింది. నౌకాదళం టోపీ పెట్టుకున్న కుర్రాడి ఫోటో. దాన్ని నేను రోజూ తుడిచేదాన్ని. వయసులో ఉన్నప్పటి ఈయనే అనుకునేదాన్ని. "మా అన్న," అన్నాడు. "యుద్ధంలో. పందొమ్మిదేళ్లు. ఓడతో పాటే పోయాడు. ఆ ఏడాదే ఈ ప్రింటు మొదటిసారి చూశాను. నాకు లోకం ఎలా కనిపిస్తోందో ఎవడో ముందే గీసి పెట్టాడనుకున్నాను."

ఆయన ఎందుకు ఓడెక్కలేదో, ఆ గొంతు ఎందుకు వణికేదో అప్పుడర్థమైంది. ఆ వణుకుని నేను సోఫాలో కూర్చుని వెక్కిరించాను. ఛీ, నా బతుకు అనుకున్నాను. ఏదో ఒకటి అనాలి. ఏమనాలి? నోరు తెరిచాను, నాకు తెలియకుండానే ఒక అబద్ధం బయటికొచ్చింది.

"తిరుగుతుంది సార్. దుఃఖంలో పురి తిరుగుతుంది. మా అమ్మ పోయిన వారం మా నాన్న పేనిన మోకంతా ఎడం పురి వచ్చింది. ఆయనకే తెలియలేదు. పడవ సరంగు వచ్చి చూసి, ఒక్క మాట అనకుండా తీసుకెళ్లాడు. మీరు చెప్పింది నిజమే. ఈ బొమ్మలో లేదు, అంతే."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అమ్మ నిక్షేపంలా ఉంది. ఆ ముందు రోజే ఫోన్లో, చేపల పులుసులో చింతపండు ఎక్కువేస్తున్నానని నన్ను అరగంట తిట్టింది. అబద్ధమాడితే అతికినట్టుండాలని పెద్దలన్నారు. నాది మరీ అతికిపోయింది. సరంగు నా చెయ్యి పట్టుకుని, "మీ అమ్మగారి గురించి విని చాలా బాధగా ఉంది," అన్నాడు. నేను తల దించుకున్నాను. ఆయన దాన్ని ఏడుపనుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. మినీబస్సులో సరంగు, ఇంకో నలుగురు, అక్క, నేను. గ్యాలరీలో అరవై మందిదాకా ఉన్నారు. అసలు బొమ్మ ప్రింటు కంటే చిన్నది, కానీ దాని ఆకాశం ముందు నిలబడితే చలేసింది. చర్చి కుడి పక్కన, సూర్యుడు పొద్దుటి చోట. మోకు పేటలు నాన్న చేతిలోంచి వచ్చినట్టు ఎడమ నుంచి కుడికి ఎక్కుతున్నాయి. అక్క నా చెవిలో, "ఇప్పుడు ఏమంటాడే?" అని గుసగుసలాడింది. అక్కకి జరిగింది నేను చెప్పలేదు. నా మొదటి భయం ఆయన మధ్యలో ఆగిపోతాడేమోనని. రెండో భయం ఆగకుండా మొత్తం చెప్పేస్తాడేమోనని.

ఆయన చాలాసేపు బొమ్మనే చూశాడు. తర్వాత కుర్చీ జనం వైపు తిప్పమన్నాడు.

"యాభై ఏళ్లుగా ఈ బొమ్మ గురించి మీకు నేను చెప్పిందంతా తప్పు," అన్నాడు. "మీలో చాలామంది నిద్రపోయారు కాబట్టి నష్టం తక్కువే."

జనం నవ్వారు. ఆయన జేబులోంచి మా జనపతాడు తీసి పైకెత్తాడు. తన ప్రింటు తిరగబడి అచ్చయిందని, చిత్రకారుడు ఏ తప్పూ చెయ్యలేదని, తప్పు చూడటంలోనే ఉందని చెప్పాడు. "కోరమాండల్ తీరంలో, ఈ విషయంలో తిరుగులేని నిపుణుడొకరు ఉండేవారు. ఆయన అభిప్రాయం నాకు ఆయన కుమార్తె ద్వారా అందింది. తాడు మెలికకి వాళ్ల భాషలో ఒక మాట ఉంది, పూరీ."

"పురి సార్," అన్నాను వెనకాల నుంచి. నోరు ఊరుకోదుగా.

"క్షమించాలి. పురి," అన్నాడు. మొదటిసారి సరిగ్గా వచ్చింది.

మా నాన్న వేలిముద్ర వేసేవాడు. రేషన్ షాపువాడు కూడా ఆయన్ని ఏరా అనే పిలిచేవాడు. అలాంటి మనిషిని సూట్లు వేసుకున్న అరవై మంది ముందు తిరుగులేని నిపుణుడు అన్నాడు మా సరంగు. నా కళ్లలోంచి నీళ్లు జలజలా కారాయి. కారుతుండగానే ఆయన ముందుకెళ్లిపోయాడు. "అయితే దుఃఖం గురించి నేనన్నది తప్పు కాదు. దానికీ ఆ నిపుణుడే సాక్ష్యం," అంటూ, మా అమ్మ పోయిన వారం మా నాన్న చెయ్యి ఎడం తిరగడం, పడవ సరంగు మాట్లాడకుండా మోకు తీసుకెళ్లడం, అన్నీ చెప్పాడు. నాకంటే బాగా చెప్పాడు. ముందు వరసలో ఒకావిడ ముక్కు చీదుకుంది.

అక్క నా నడుం మీద రక్తం వచ్చేలా గిల్లింది. "ఆంటీ ఎప్పుడు పోయిందే?"

"ఊరుకో అక్కా, తర్వాత చెప్తాను."

"నిన్నేగా నాకు గోంగూర పచ్చడి ఎట్లా పెట్టాలో చెప్పింది!"

తర్వాత టీలు తాగుతున్నప్పుడు ఒక్కొక్కరే వచ్చి నా భుజం తట్టి, మా అమ్మకి సంతాపం చెప్పారు. నేను పదకొండు మందికి థాంక్యూ చెప్పాను. అక్క బిస్కెట్ నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగి వణికిపోతోంది. చూసినవాళ్లు ఆమె కూడా ఏడుస్తోందనుకున్నారు.

సరంగు ఆ ప్రింటు తీసెయ్యలేదు. పక్కనే మేకు కొట్టించి జనపతాడు వేలాడదీశాడు. కొత్తగా వచ్చిన కేరర్లందరికీ, "అది ఎడం పురి ఓడ. నాతో పాటు డెబ్బై ఏళ్లుంది, ఇప్పుడెక్కడికి పంపను?" అని చెప్పేవాడు. నా టీని మళ్లీ అంట్లు కడిగిన నీళ్లనడం మొదలుపెట్టాడు. నాకు హాయిగా అనిపించింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఊళ్లో వారపత్రిక వాళ్లు ఆ ఉపన్యాసాన్ని నా ఫోటోతో సహా అచ్చువేశారు. మా అక్క, నన్ను ఏడిపించడానికే, దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టింది. కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్న మా పిన్ని కూతురు దాన్ని చదివి, తెలుగులో అర్థం చెప్పి, వెళ్లి మా అమ్మకి వినిపించింది. ఆదివారం చర్చి అయ్యాక ఈస్ట్ హామ్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే ఫోన్ మోగింది.

"ఏవే, నేను సచ్చిపోయానంట గదా?"

"అమ్మా..."

"పెద్దకర్మ ఎప్పుడు పెట్టావు? సెబితే నేను కూడా వద్దును గదే!"

బస్సులు రెండు వదిలేసి మొత్తం చెప్పాను. ముసలాయన సంగతి, అన్న సంగతి, బొమ్మ సంగతి, నా నోటి సంగతి. తిడుతుందని చూశాను. తిట్టలేదు.

"మీ నాన్న సెయ్యి ఎప్పుడూ ఎడం తిరగలేదే," అంది.

"తెలుసమ్మా. అబద్ధం చెప్పాను. ఆయన బాధ చూడలేక."

"నా సెయ్యి తిరిగింది."

"ఎప్పుడమ్మా?"

"మీ నాన్న పోయిన వారం. నువ్వు రాలేదు. ఇంటి నిండా జనం, ఊరికే కూకోలేకపోయాను. ఆయన నానబెట్టిన పీచు తొట్లో అలాగే ఉంది. తీసి పేనేశాను. అంతా అయ్యాక సూత్తే మొత్తం ఎడం పురే. నలభై ఏళ్లలో ఎప్పుడూ అలా రాలేదు. నవ్వుతారని ఎవరికీ సెప్పలేదు."

బస్‌స్టాపులో నా పక్కన ఎవరో తమిళావిడ ఏమైందమ్మా అన్నట్టు చూసింది. నేను ఫోన్ గట్టిగా చెవికి నొక్కుకున్నాను.

"దాన్ని విప్పేశావా అమ్మా?"

"ఎందుకు విప్పుతాను? దొడ్లో దండెం కట్టాను. రోజూ బట్టలు ఆరేత్తన్నాను. ఇంకా తెగలేదు."